విలియం మోరిస్

విలియం మోరిస్ (మార్చి 24, 1834 – అక్టోబరు 3, 1896) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ హస్తకళాకారుడు, నమూనాల రూపకర్త, కవి, సోషలిస్టు. గోడకాగితాలు, అద్దకపు వస్త్రాలు, తివాచీలు, టాపెస్ట్రీలు, రంగు అద్దాల కిటికీలు, పుస్తకాలు మొదలైన అనేక వస్తువులకు ఆయన రూపకల్పన చేశాడు. 19వ శతాబ్దం చివరలో ఇంగ్లండులో ఆరంభమై ఇతర దేశాలకు వ్యాపించిన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ (కళలు, చేతిపనులు) ఉద్యమానికి ఆయనే ప్రధాన స్ఫూర్తిదాత. ఏ పనికైనా నమూనా గీయడానికి ముందు ఆ పనిని తన చేతులతో నేర్చుకోవడం మోరిస్ పద్ధతి. ఆయన కళలోని గొప్పదనానికీ, ఆయనను జీవితాంతం బాధించిన వైరుధ్యానికీ కూడా ఈ పద్ధతే మూలం.

బాల్యం, విద్యాభ్యాసం

మోరిస్ లండన్ సమీపంలోని వాల్తమ్‌స్టోలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి లండన్ నగరంలో ఆర్థిక వ్యాపారి. డెవాన్ గ్రేట్ కన్సాల్స్ అనే రాగి గనిలో ఆయనకున్న వాటాల వలన కుటుంబ సంపద బాగా పెరిగింది. 1840లో ఈ కుటుంబం ఎపింగ్ అడవి అంచున ఉన్న వుడ్‌ఫర్డ్ హాల్ అనే భవనానికి మారింది. అడవిలోని హార్న్‌బీమ్ చెట్లు, పొదలు, పక్షులు బాలుడైన మోరిస్‌కు బాగా పరిచయమయ్యాయి. ఆ అడవిలోనే ఎలిజబెత్ రాణి పేరుతో ఉన్న పాత వేటమందిరంలో, వెలిసిపోయిన పచ్చని ఆకుల చిత్రాలు నేసిన తెరలు వ్రేలాడుతున్న ఒక గదిని ఆయన చిన్ననాడు చూశాడు. ఆ గది ఆయన మనసులో చెరగని ముద్ర వేసింది.

మతాచార్యుడు కావాలనే ఉద్దేశంతో 1853లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కళాశాలలో చదువు ప్రారంభించాడు. అక్కడ ఎడ్వర్డ్ బర్న్-జోన్స్‌తో కలిగిన స్నేహం చివరివరకూ నిలిచింది. జాన్ రస్కిన్ రచించిన ది స్టోన్స్ ఆఫ్ వెనిస్ గ్రంథంలో గోతిక్ శిల్పాన్ని గురించిన అధ్యాయం మోరిస్ ఆలోచనలను మలుపు త్రిప్పింది. పనివాని స్వేచ్ఛకూ, అతడు చేసిన వస్తువు అందానికీ విడదీయరాని సంబంధం ఉందన్నది ఆ అధ్యాయం సారాంశం. 1855లో ఉత్తర ఫ్రాన్సులోని ప్రాచీన చర్చిలను చూసిన తరువాత మిత్రులిద్దరూ మతవృత్తిని విడిచి కళకే అంకితం కావాలని నిర్ణయించుకున్నారు. 1856లో మోరిస్ జార్జి ఎడ్మండ్ స్ట్రీట్ అనే వాస్తుశిల్పి వద్ద శిష్యుడుగా చేరాడు. ఆ ఏడాదిలోనే ఆ పని మానుకున్నా, అక్కడ పరిచయమైన ఫిలిప్ వెబ్ తరువాతి కాలంలో ఆయనకు ముఖ్య సహచరుడయ్యాడు.

రెడ్ హౌస్, కంపెనీ స్థాపన

1859లో మోరిస్ జేన్ బర్డెన్‌ను వివాహం చేసుకున్నాడు. వారికోసం బెక్స్‌లీహీత్‌లో ఎర్ర ఇటుకలతో ఫిలిప్ వెబ్ కట్టించిన ఇల్లే రెడ్ హౌస్. 1860లో ఆ ఇంటిలో ప్రవేశించేనాటికి, అంగళ్ళలో దొరికే సామగ్రి ఏదీ మోరిస్‌కు నచ్చలేదు. అందువలన మిత్రులందరూ కలిసి గోడలపై బొమ్మలు వేశారు, బల్లలు, కుర్చీలు రూపొందించారు. మోరిస్ దంపతులు పాత కుట్టుపని వస్త్రాల దారాలు విప్పి, ఆ కుట్లు ఎలా పడ్డాయో పరిశీలించి, ఎంబ్రాయిడరీ నేర్చుకున్నారు. నీలిరంగు ముతక ఉన్నిబట్టపై జేన్ కుట్టిన డైసీ పూల తెర ఆ కాలానిదే.

ఈ అనుభవంనుండే 1861లో మోరిస్, మార్షల్, ఫాక్నర్ అండ్ కో అనే సంస్థ పుట్టింది. 1875లో అది మోరిస్ ఒక్కడి యాజమాన్యంలో మోరిస్ అండ్ కో గా మారింది.

ప్రేరణ మూలాలు

మోరిస్ నమూనాలకు ప్రేరణ ముఖ్యంగా రెండు చోట్లనుండి లభించింది. మొదటిది ఇంటి చుట్టూ ఉన్న ప్రకృతి. దూరదేశాల అపురూప పుష్పాలకంటే, తోటలోను, చేలగట్ల మీద, ఏటి ఒడ్డున పెరిగే సాధారణమైన మొక్కలనే ఆయన ఎక్కువగా ఎంచుకున్నాడు. ఆయన గీసిన మొదటి గోడకాగితపు నమూనా ట్రెలిస్‌కు (1862) రెడ్ హౌస్ తోటలో గులాబీతీగెలు ప్రాకిన పందిళ్ళు ఆధారం. 1871నుండి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఆయన అద్దెకు తీసుకున్న కెల్మ్‌స్కాట్ మేనర్ పరిసరాలలోని విల్లో చెట్లు విల్లో బౌ (1887) నమూనాకు రూపాన్నిచ్చాయి. ఎవెన్‌లోడ్, కెన్నెట్, వాండిల్ మొదలైన వస్త్రాలకు ఆయన థేమ్స్ ఉపనదుల పేర్లు పెట్టాడు.

రెండవది పాత వస్తువులు. డైసీ గోడకాగితంలోని పూలగుత్తులకు ఒక మధ్యయుగపు వ్రాతప్రతిలోని చిత్రం మూలం. జాన్ జెరార్డ్ 1597లో ప్రచురించిన మూలికాగ్రంథంలోని మొక్కల బొమ్మలను ఆయన ఎంతో ఇష్టంతో చూసేవాడు. లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో (నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం) పర్షియా, టర్కీ, ఇటలీ దేశాల వస్త్రాలను, తివాచీలను నిశితంగా అధ్యయనం చేశాడు. అయితే వాటికి నకళ్ళు తీయడం ఆయన ఉద్దేశం కాదు. పాత పనివాడు తన సమస్యను ఎలా పరిష్కరించాడో గ్రహించి, ఆ పరిష్కారాన్ని తన తోటలోని మొక్కకు అన్వయించేవాడు.

నమూనా రచనా విధానం

గోడకాగితంలోను, అద్దకపు బట్టలోను ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ పునరావృత్తి కొట్టవచ్చినట్లు కనబడితే కంటికి విసుగు కలుగుతుంది. దీనిని నివారించడానికి మోరిస్ ముందుగా బలమైన నిర్మాణరేఖను, అంటే వంపు తిరిగే కాడనో, అడ్డంగా సాగే కొమ్మనో గీసేవాడు. దానిపై పెద్ద ఆకులు, పూలు అమర్చి, వెనుక భాగాన్ని చిన్న ఆకులతో నింపేవాడు. ప్రతి ఆకూ ఏదో ఒక కాడనుండి మొలిచినట్లే ఉండాలన్నది ఆయన నియమం. నమూనా రచనను గురించి 1881లో ఇచ్చిన ఉపన్యాసంలో ఈ సూత్రాలను వివరించాడు. చెక్క దిమ్మె, మగ్గం, ఊలుదారం వంటి ప్రతి సాధనానికీ కొన్ని పరిమితులుంటాయని, వాటిని దాచడానికి ప్రయత్నించక, వాటినుండే అందాన్ని సాధించాలని ఆయన బోధించాడు.

తన పరిమితులను కూడా మోరిస్ ఎరిగి ఉండేవాడు. మానవాకృతులు గీయడంలో ఆయనకు అంత నేర్పు లేదు. వాటిని చాలావరకు బర్న్-జోన్స్‌కు అప్పగించేవాడు. ట్రెలిస్‌లోని పక్షులను ఫిలిప్ వెబ్ గీశాడు.

రంగుల అద్దకం

1856లో విలియం హెన్రీ పెర్కిన్ కృత్రిమ రంగును కనిపెట్టిన తరువాత యూరపులో ప్రాచీన అద్దకపు రంగులు వేగంగా కనుమరుగు కాసాగాయి. ఈ కొత్త రంగులు గాఢంగా, కొట్టవచ్చినట్లు ఉన్నాయని, ఎండకు వికారంగా వెలిసిపోతున్నాయని మోరిస్ భావించాడు. 1875నుండి స్టాఫర్డ్‌షైర్‌లోని లీక్ పట్టణంలో థామస్ వార్డిల్ అద్దకశాలలో ఆయన స్వయంగా ప్రయోగాలు చేశాడు. పాత గ్రంథాలను వెదకి, నీలికి నీలిమందు, ఎరుపుకు మంజిష్ఠ జాతి వేరు, పసుపుకు వెల్డ్ అనే మొక్క, గోధుమరంగుకు అక్రోటు వాడే పద్ధతులను పునరుద్ధరించాడు. పనివారితో కలసి తొట్టెలలో చేతులు ముంచడంవలన ఆయన చేతులు నీలిరంగుతో కనబడేవి.

1881లో లండన్ సమీపంలో వాండిల్ నది ఒడ్డున ఉన్న మెర్టన్ అబీలో తన కర్మాగారాన్ని నెలకొల్పాడు. ఆ నదీజలం అద్దకానికి అనువైనది.

స్ట్రాబెర్రీ థీఫ్

1883లో రూపొందించిన స్ట్రాబెర్రీ థీఫ్ (స్ట్రాబెర్రీ దొంగ) మోరిస్ విధానానికి చక్కని ఉదాహరణ. కెల్మ్‌స్కాట్ తోటలో థ్రష్ పిట్టలు వచ్చి స్ట్రాబెర్రీ పండ్లను ఎత్తుకుపోయేవి. ఆ దృశ్యమే ఈ వస్త్రానికి ఇతివృత్తం.

దీని తయారీ మాత్రం ఎంతో శ్రమతో కూడుకొన్నది. ముందుగా బట్టనంతటినీ నీలిమందు తొట్టిలో ముంచి ముదురు నీలిరంగు పట్టించేవారు. తరువాత రంగును తొలగించే పదార్థాన్ని చెక్క దిమ్మెలతో అద్దేవారు. ఆ పదార్థం బలాన్నిబట్టి కొన్నిచోట్ల తెలుపు, కొన్నిచోట్ల లేతనీలం మిగిలేవి. ఆ తరువాత ఎరుపు, పసుపు రంగులను వేర్వేరుగా ఎక్కించేవారు. లేతనీలంపై పసుపు పడినచోట ఆకుపచ్చ ఏర్పడేది. నీలిని తొలగించే ఈ పద్ధతిలో ఎరుపు, పసుపు రంగులను కూడా చేర్చడంలో మోరిస్ ఈ వస్త్రంతోనే తొలిసారి కృతకృత్యుడయ్యాడు. పని పూర్తి కావడానికి అనేక దినాలు పట్టేది. సంస్థ అమ్మిన నూలు అద్దకాలలో ఇది చాలా ఖరీదైనది. అయినా విశేష ఆదరణ పొందింది.

నేత, ముద్రణ

టాపెస్ట్రీ నేత నేర్చుకోవడానికి మోరిస్ 1879లో హామర్‌స్మిత్‌లోని తన ఇంట పడకగదిలోనే మగ్గం పెట్టించుకున్నాడు. ఒక పాత ఫ్రెంచి పుస్తకాన్ని గురువుగా చేసుకొని, 516 గంటలు శ్రమించి మొదటి టాపెస్ట్రీని నేశాడు. ఎన్ని గంటలు పనిచేసినదీ ఏరోజుకారోజు వ్రాసిపెట్టుకున్నాడు. అకాంథస్ ఆకులు, ద్రాక్షతీగెలు ఉన్న ఈ టాపెస్ట్రీలో తొలిప్రయత్నపు లోపాలు లేకపోలేదు.

చివరి దశలో ఆయన దృష్టి పుస్తకంపై పడింది. 1891లో కెల్మ్‌స్కాట్ ప్రెస్ ప్రారంభించాడు. 15వ శతాబ్దంలో వెనిస్ నగరంలో నికొలాస్ జెన్సన్ ముద్రించిన గ్రంథపు పుటలను ఛాయాచిత్రాలుగా పెద్దవి చేయించి, ఆ అక్షరాల పోకడ చేతికి పట్టుబడేవరకు మళ్ళీ మళ్ళీ గీసి, పిదప తన సొంత అక్షరాలను రూపొందించాడు. చేతితో చేసిన కాగితంపై, చేతియంత్రాలపై ముద్రణ సాగింది. బర్న్-జోన్స్ చిత్రించిన 87 బొమ్మలతో వెలువడిన చాసర్ కావ్యసంపుటి (1896) ఈ ముద్రణాలయపు కృతులలో మకుటాయమానమైనది.

వైరుధ్యాలు, సోషలిజం

కళ కొద్దిమంది సొత్తు కారాదని మోరిస్ విశ్వసించాడు. కాని చేతిపనికి పట్టే కాలంవలన ఆయన వస్తువుల ధర సామాన్యునికి అందకుండా పోయింది. చాసర్ సంపుటి కాగితపు ప్రతి వెల 20 పౌన్లు. ధనికుల ఇళ్ళను అలంకరించడానికే తన శ్రమ వినియోగమవుతున్నదన్న అసంతృప్తి ఆయనను వెంటాడింది. పనిలో ఆనందం లేని సమాజంలో ప్రజల కళ బ్రతకదని తలచి, 1883లో డెమొక్రాటిక్ ఫెడరేషన్‌లో చేరాడు. 1884 డిసెంబరులో సోషలిస్ట్ లీగ్ స్థాపకులలో ఒకడయ్యాడు. వీధిసభలలో ప్రసంగించాడు. ఆయన ఊహించిన భావిసమాజం న్యూస్ ఫ్రమ్ నోవేర్ (1890) అనే రచనలో కనిపిస్తుంది.

ఇంకొక వైరుధ్యం రంగులకు సంబంధించినది. తండ్రి వాటాలున్న రాగి గని తరువాత ఆర్సెనిక్ ఉత్పత్తికి పేరుపొందింది. 1871నుండి 1875వరకు మోరిస్ దానికి డైరెక్టరుగా ఉన్నాడు. ఆకుపచ్చ గోడకాగితాలలోని ఆర్సెనిక్ వలన ప్రజలు జబ్బుపడుతున్నారన్న ఆందోళనను ఆయన అతిశయోక్తిగా భావించాడు. 2003లో ప్రకటితమైన ఒక పరీక్షలో ట్రెలిస్ గోడకాగితపు పాత ప్రతిలోని ఆకుపచ్చ రంగులో ఆర్సెనిక్ ఉన్నట్లు తేలింది.

భారతదేశంతో సంబంధం

మోరిస్ భారతదేశానికి రాలేదు. అయినా ఆయన కృషికి ఈ దేశంతో సంబంధం ఉన్నది. యూరపులో నూలుబట్టల అద్దకం చాలావరకు మచిలీపట్నం మొదలైన రేవులనుండి వెళ్ళిన భారతీయ కలంకారీ వస్త్రాలను అనుకరిస్తూ ఎదిగినదే. పటికతో బట్టను సిద్ధపరచి, వేరునుండి తీసిన ఎరుపును పట్టించే పద్ధతి కలంకారీలోను, మోరిస్ అద్దకంలోను సమానం. ఆ కాలంలో ఇంగ్లండుకు నీలిమందు అధికంగా భారతదేశంనుండే దిగుమతి అయ్యేది. ఆంగ్లేయుల పాలన, వ్యాపారం భారతీయ చేతివృత్తులను ధ్వంసం చేస్తున్నాయని, జైళ్ళలో చౌక తివాచీలు నేయించడం అందులో భాగమేనని మోరిస్ 1879లో బర్మింగ్‌హామ్ ఉపన్యాసంలో విమర్శించాడు.

ఆయన భావాలు ఆనంద కుమారస్వామిని గాఢంగా ప్రభావితం చేశాయి. సింహళ కళను గురించి కుమారస్వామి 1908లో వెలువరించిన గ్రంథం, కెల్మ్‌స్కాట్ ప్రెస్‌లో ఒకప్పుడు వాడిన యంత్రంపైననే ముద్రితమైంది. ఆ కుమారస్వామితో కలసి ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు (1917).

మరణం, స్మృతి

1896 అక్టోబరు 3న మోరిస్ తన 62వ యేట హామర్‌స్మిత్‌లో మరణించాడు. కెల్మ్‌స్కాట్ గ్రామపు చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉన్నది. దానిని ఫిలిప్ వెబ్ రూపొందించాడు. ఎంబ్రాయిడరీ విభాగాన్ని 1885నుండి నిర్వహించిన కుమార్తె మే మోరిస్ తండ్రి రచనలను సంపుటాలుగా ప్రకటించింది. మోరిస్ అండ్ కో 1940లో మూతపడింది. వాల్తమ్‌స్టోలో ఆయన యౌవనంలో నివసించిన ఇంటిలో 1950లో విలియం మోరిస్ గ్యాలరీ ప్రారంభమైంది.

కొన్ని ప్రముఖ నమూనాలు

* ట్రెలిస్ – గోడకాగితం (1862)
* డైసీ – గోడకాగితం (1864)
* స్ట్రాబెర్రీ థీఫ్ – అద్దకపు వస్త్రం (1883)
* వాండిల్ – అద్దకపు వస్త్రం (1884)
* వుడ్‌పెకర్ (వడ్రంగిపిట్ట) – టాపెస్ట్రీ (1885)
* విల్లో బౌ – గోడకాగితం (1887)