హెడీ లమార్

హెడీ లమార్ (నవంబరు 9, 1914 - జనవరి 19, 2000) ఆస్ట్రియాలో జన్మించిన అమెరికన్ సినీనటి, ఆవిష్కర్త.

జీవితం

ఈమె అసలు పేరు హెడ్విగ్ ఈవా మరియా కీస్లర్. వియన్నాలో జన్మించింది. 1933లో ఆయుధాల వ్యాపారి ఫ్రిట్జ్ మాండ్ల్‌ను వివాహమాడింది. 1937లో అతనిని విడిచి వెళ్ళి, పిదప హాలీవుడ్‌లో ప్రసిద్ధి పొందింది.

ఆవిష్కరణ

రేడియో సంకేతాలతో నడిచే టార్పెడోను శత్రువు అదే ఫ్రీక్వెన్సీలో అడ్డు సంకేతాలు పంపి దారి తప్పించగలడు. దీనికి విరుగుడుగా ప్రసారిణి, గ్రాహకం రెండూ ఒకేసారి ఫ్రీక్వెన్సీ మార్చుకొనే విధానాన్ని స్వరకర్త జార్జ్ ఆంథీల్‌తో కలిసి రూపొందించింది. ఇందులో పియానో మెట్ల సంఖ్యకు సమానంగా 88 ఫ్రీక్వెన్సీలను సూచించారు. ఆగష్టు 11, 1942న పేటెంటు లభించింది. యుద్ధకాలంలో అమెరికా నౌకాదళం దీనిని వాడలేదు. 1959లో పేటెంటు గడువు ముగిసింది.

కంప్యూటర్లలో వినియోగం

1997లో వెలువడిన తొలి 802.11 వైర్‌లెస్ నెట్‌వర్క్ ప్రమాణంలో ఫ్రీక్వెన్సీ మార్పిడి ఒక ఐచ్ఛిక పద్ధతి. తరువాతి వై-ఫై ప్రమాణాలు వేరు మార్గాలను అనుసరించాయి. కనుక వై-ఫైని ఈమె కనుగొన్నదనడం సరికాదు. ఇంటి కంప్యూటరుకు కీబోర్డును, హెడ్‌ఫోన్లను తీగ లేకుండా కలిపే బ్లూటూత్ మాత్రం, అదే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోని వై-ఫై సంకేతాల తాకిడిని తట్టుకోవడానికి ఫ్రీక్వెన్సీ మారుస్తూనే పనిచేస్తుంది.

గుర్తింపు

1997లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఈమెను, ఆంథీల్‌ను పురస్కారంతో గౌరవించింది. అప్పటికి ఆంథీల్ జీవించి లేడు. 2014లో, మరణానంతరం, అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరంలో ఈమెకు స్థానం లభించింది.