ఉరి తప్పించిన అప్పీలు: న్యాయవాదిగా దేశబంధు

1909 నవంబరు 23న కలకత్తా హైకోర్టు వెలువరించిన తీర్పుతో ఇద్దరు యువకులకు ఉరి తప్పింది. బారీంద్ర కుమార్ ఘోష్, ఉల్లాస్కర్ దత్‌లకు అలీపూర్ సెషన్స్ కోర్టు విధించిన మరణశిక్షను ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్స్ జెంకిన్స్, జస్టిస్ కార్న్‌డఫ్‌లతో కూడిన ధర్మాసనం యావజ్జీవ ద్వీపాంతర శిక్షగా మార్చింది. వారి పక్షాన నిలిచిన బారిస్టరు చిత్తరంజన్ దాస్ వయస్సు అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. చట్టం దృష్టిలో ఆయన అప్పుడు దివాలా తీసిన వ్యక్తి.

చిత్తరంజన్ దాస్ 1870 నవంబరు 5న కలకత్తాలో జన్మించారు. వారి పూర్వికులది ఢాకా ప్రాంతపు విక్రమ్‌పూర్. తండ్రి భువన మోహన్ దాస్ హైకోర్టులో సొలిసిటరు, బ్రహ్మసమాజ అనుయాయి, ఉదారుడు. ఎంత సంపాదించినా ఆ ఇంట నిలిచేది కాదు. ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రులైన చిత్తరంజన్ ఐ.సి.ఎస్. పరీక్ష కోసం ఇంగ్లండు వెళ్లి, అందులో ఉత్తీర్ణులు కాలేక, బారిస్టరై తిరిగివచ్చారు. కలకత్తా హైకోర్టులో తొలి సంవత్సరాలు గడ్డుగా గడిచాయి. ఆనాడు అక్కడి ఒరిజినల్ విభాగంలో అటార్నీలు కేసు అప్పగిస్తేనే బారిస్టరుకు పని దొరికేది. కుటుంబ రుణభారం నానాటికీ పెరిగి, 1906లో తండ్రీకొడుకులిద్దరూ దివాలా ప్రకటించుకోవలసి వచ్చింది.

ఆయనకు పేరు తెచ్చినవి ధనికుల దావాలు కావు, రాజద్రోహపు కేసులు. 1907 వేసవిలో రాజమహేంద్రవరం, బందరు మొదలైన చోట్ల ప్రసంగించి ఆంధ్ర దేశంలో వందేమాతరం ఉద్యమానికి ఊపునిచ్చిన బిపిన్ చంద్ర పాల్, అదే సంవత్సరం కలకత్తాలో అరవింద ఘోష్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి నిరాకరించి ఆరు నెలల జైలుశిక్ష పొందారు. బిపిన్ చంద్ర పాల్ పక్షాన నిలిచిన న్యాయవాది కూడా దాసే.

మరుసటి ఏడాది ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో బాంబు పేలింది. రెండు రోజులకే పోలీసులు కలకత్తా శివార్లలోని మానిక్‌తలా తోటపై దాడి చేశారు. అరవిందునితో, ఆయన తమ్ముడు బారీంద్రునితో సహా పలువురు అరెస్టయ్యారు. ప్రాసిక్యూషన్ తరఫున వాదించడానికి ప్రభుత్వం మద్రాసు నుంచి ఎర్డ్లీ నార్టన్‌ను రప్పించింది. మద్రాసు హైకోర్టు పరిధిలోనే ఉన్న నాటి తెలుగు జిల్లాలవారికి ఆ పేరు కొత్తది కాదు. రెండు వందలకు పైగా సాక్షులు, వేలాది పత్రాలు. ముద్దాయిల కోసం వసూలు చేసిన చందాలు త్వరలోనే అడుగంటాయి. ఆ దశలో దాస్ కేసు చేపట్టారు. నెలల తరబడి వేరే పని లేకుండా దానికే అంకితమయ్యారు, మరిన్ని అప్పులు చేశారు.

ఆ విచారణలో ఒక మలుపును ప్రత్యేకించి చెప్పాలి. అప్రూవరుగా మారిన నరేన్ గోస్వామిని 1908 ఆగస్టు 31న జైలులోనే కానైలాల్ దత్, సత్యేంద్రనాథ్ బోస్ కాల్చి చంపారు. క్రాస్ ఎగ్జామినేషన్ జరగకముందే సాక్షి మరణించడంతో ఆయన వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లకుండా పోయింది. కాల్చిన ఇద్దరూ ఉరికంబమెక్కారు. 1909 మే 6న న్యాయమూర్తి బీచ్‌క్రాఫ్ట్ అరవిందుని నిర్దోషిగా విడుదల చేశారు. దాస్ చేసిన ముగింపు వాదన నేటికీ ప్రస్తావనకు వస్తుంది. అయితే ఆ విజయోత్సాహంలో మరుగున పడేది తరువాతి ఆరు నెలల శ్రమ.

సెషన్స్ కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరించాలన్నది నాడూ నేడూ ఉన్న నియమం. అప్పీలులో సాధారణంగా సాక్షులు మళ్లీ బోనెక్కరు, జనాన్ని కదిలించే ఘట్టాలుండవు. కింది కోర్టు రికార్డే సర్వస్వం. ఏ ఉత్తరం ఎవరిని పట్టిస్తున్నది, ఏ అభియోగం ఏ సెక్షన్ కిందకు వస్తుంది, శిక్ష నేరానికి తగినదేనా అని పుటపుటా తరచి చూడాలి. కొందరు ముద్దాయిల విషయంలో ఇద్దరు న్యాయమూర్తులకూ ఏకాభిప్రాయం కుదరక, ఆ భాగం మూడవ న్యాయమూర్తి ముందుకు వెళ్లింది. మరణశిక్ష యావజ్జీవంగా మారిందన్న వార్త మా డెస్కులో ఒక్క పంక్తిలో ముగిసిపోతుంది. బారీంద్రుని విషయంలో ఆ పంక్తి విలువ యాభై ఏళ్ల ఆయుష్షు. 1920లో అండమాన్ జైలు నుంచి విడుదలైన ఆయన 1959 వరకు జీవించారు.

ఆ తరువాత దాస్‌కు కక్షిదారులకు కొదవ లేకపోయింది, ఆదాయం అమితంగా పెరిగింది. 1913లో ఆయన చేసిన పని న్యాయవాద వర్గాలను ఆశ్చర్యపరిచింది. దివాలాతో చట్టరీత్యా చెల్లించనవసరం లేని పాత బాకీలన్నింటినీ ఆయన తీర్చివేసి, దివాలా ఉత్తర్వును రద్దు చేయించుకున్నారు. అప్పులవాళ్లెవరూ ఆయనను కోర్టుకు ఈడ్చి వాటిని రాబట్టలేదు.

1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెస్‌కు సహాయ నిరాకరణను ప్రతిఘటించే ఉద్దేశంతో వెళ్లిన దాస్, చివరకు ఆ తీర్మానాన్ని తానే ప్రతిపాదించారు. వెనువెంటనే ప్రాక్టీసు వదులుకున్నారు. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసులో అదే బాట పట్టిన సంగతి తెలుగు శ్రోతలకు తెలిసినదే. జైలు, గయ కాంగ్రెస్ అధ్యక్షత, స్వరాజ్య పార్టీ స్థాపన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్‌లో హిందూ ముస్లింల మధ్య ఆయన కుదిర్చిన బెంగాల్ ఒప్పందాన్ని సభ తిరస్కరించింది. అక్కడ ఓడిన వాదాన్ని ఆయన విడిచిపెట్టలేదు. మరుసటి ఏడాది సిరాజ్‌గంజ్‌లో జరిగిన బెంగాల్ ప్రాంతీయ మహాసభలో దానిని నెగ్గించుకున్నారు. అదే సంవత్సరం కలకత్తా మేయరయ్యారు.

1925 జూన్ 16న డార్జిలింగులో దేశబంధు కన్నుమూశారు. భౌతికకాయం కలకత్తా చేరిన నాడు నగరమంతా వీధుల్లోకి వచ్చింది. గాంధీజీ అక్కడే ఉండిపోయి స్మారక నిధికి చందాలు సేకరించారు. రస్సా రోడ్డులోని తన ఇంటిని దాస్ అప్పటికే ప్రజలకు రాసి ఇచ్చారు. 1926లో ఆ ఇంటిలో మహిళల కోసం చిత్తరంజన్ సేవాసదన్ వైద్యశాల మొదలైంది.