బసాలత్ జంగ్

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములను గుంటూరు సర్కారు పేర ఒకనాడు అనుభవించిన జాగీర్దారును మనము మరచితిమి. ఆయన మొదటి అసఫ్‌జా కుమారుడు, నిజాం అలీఖాన్ సోదరుడు బసాలత్ జంగ్, నివాసము ఆదోని. 1766 సంధిలో తక్కిన సర్కారులు కుంఫిణీకి పోయినను, గుంటూరు మాత్రము ఆయన జీవించినంతకాలము ఆయనకే విడువబడినది.

1779లో హైదరలీ భయముచే ఆయన, నిజాముతో సంప్రతింపకయే, తన కొలువులోని ఫ్రెంచి దళమును తొలగించుటకు ఒప్పుకొని, గుంటూరును మద్రాసు దొరలకు కౌలుకిచ్చెను. వారు దానిని ఆర్కాటు నవాబునకు మారుకౌలుకిచ్చిరి! సీమలోని రైతును అడిగినవారు లేరు. నిజాము ఆగ్రహించెను, ఆదోనికి బయలుదేరిన కుంఫిణీ పటాలమును హైదరలీ మనుషులు దారిలోనే అడ్డగించిరి. తుదకు కలకత్తా ప్రభుత్వమే గుంటూరును తిరిగి ఇమ్మని ఆజ్ఞాపించినది.

ఆయనను పిరికివాడనుటకు మాకు మనసొప్పదు. మూడు బలముల నడుమ చిక్కిన చిన్న ప్రభువాయన. 1782లో మరణించెను. సంధి ప్రకారము అపుడే కుంఫిణీకి చెందవలసిన గుంటూరును నిజాము 1788 వరకు విడువలేదు.