భూమి తిరగదని రాసిన సర్ సయ్యద్

అక్టోబరు 17 వస్తే అలీగఢ్‌లో చదివినవాళ్ళు ఎక్కడున్నా ఒకచోట చేరతారు. హైదరాబాద్‌లో అయినా, గల్ఫ్‌లో అయినా సర్ సయ్యద్ డే అంటే తరానా పాడాల్సిందే, కలిసి డిన్నర్ చేయాల్సిందే. ఆ రోజు ప్రసంగాల్లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అంటే పుట్టుకతోనే ఆధునికుడు అన్నట్టు మాట్లాడతారు. నిజానికి ఆయన 1848లో, ముప్పై ఏళ్ళ వయసులో, ఒక చిన్న పుస్తకం రాశారు. భూమి తిరగడం లేదు, సూర్యుడే దాని చుట్టూ తిరుగుతున్నాడని నిరూపించడానికి రాసిన పుస్తకం అది! ఆయన జీవితంలో నాకు బాగా నచ్చే విషయం ఇదే. ఎందుకో చెబుతాను.

సర్ సయ్యద్ 1817లో ఢిల్లీలో పుట్టారు. మొఘల్ దర్బారుతో సంబంధమున్న కుటుంబం. అమ్మ తరఫు తాత ఖ్వాజా ఫరీదుద్దీన్ గణితంలో, ఖగోళ శాస్త్రంలో దిట్ట. అయితే ఆ ఇంట్లో నేర్పింది పాత గ్రీకు, అరబ్బు లెక్కల ప్రకారం ఉన్న ఖగోళం. అందులో భూమి కదలదు. కాబట్టి ఆ చిన్న పుస్తకం రాసింది మూర్ఖత్వంతో కాదు, తాను చదువుకున్న సైన్స్‌ను నమ్మి రాశారు.

1838లో నాన్న చనిపోయాక ఈస్టిండియా కంపెనీ కచేరీలో ఉద్యోగంలో చేరి, తర్వాత మున్సిఫ్ అయ్యారు. ఖాళీ దొరికితే ఢిల్లీ పాత కట్టడాల వెంట తిరిగేవారు. కుతుబ్ మీనార్ మీద ఎత్తులో ఉన్న శాసనాలు చదవడానికి బుట్టలో కూర్చుని తాళ్ళతో వేలాడారట. 1847లో వచ్చిన ఆసారుస్సనాదీద్ ఆ కష్టానికి ఫలితం. తర్వాత అక్బర్ కాలపు ఆయినె అక్బరీని సరిచూసి అచ్చు వేయబోతూ, ముందుమాట కోసం మీర్జా గాలిబ్‌ను అడిగారు. గాలిబ్ పారసీలో పద్యమే రాసిచ్చారు గానీ అందులో మెచ్చుకోలు లేదు. చనిపోయిన కాలాన్ని తవ్వుతూ కూర్చోక, ఆవిరితో ఓడలు నడిపే కొత్త కాలాన్ని చూడమని చురక వేశారు. సర్ సయ్యద్‌కు మనసు కష్టమైంది. ఆ పద్యాన్ని పుస్తకంలో వేయలేదు.

1857 వచ్చింది. అప్పుడాయన బిజ్నోర్‌లో ఉన్నారు. అక్కడి ఇంగ్లీషు కుటుంబాలను కాపాడారు. ఢిల్లీకి వచ్చేసరికి మాత్రం ఆయన సొంత ఇల్లే లూటీ అయిపోయి ఉంది, దగ్గరి బంధువులు చంపబడ్డారు. తల్లి అజీజున్నిసా బేగం గుర్రాలవాడి గుడిసెలో తలదాచుకుని, గుర్రాల దాణా తిని ప్రాణం నిలుపుకున్నారు. తాగడానికి నీళ్ళు కూడా లేవు. ఆమెను మీరట్ తీసుకెళ్ళారు గానీ కొద్ది రోజులకే కన్నుమూశారు. ప్రభుత్వం బహుమానంగా ఇవ్వబోయిన జాగీరును ఆయన తీసుకోలేదు. దేశం వదిలి ఈజిప్టు వెళ్ళిపోదామని కూడా అనుకున్నారు. చివరికి ఉండిపోయారు. 1859లో తిరుగుబాటుకు కారణం సర్కారు తప్పులేనని పుస్తకం రాసి ఆ సర్కారుకే పంపారు.

ఆ తర్వాతే మనిషి మారడం మొదలైంది. 1864లో ఘాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ పెట్టారు. ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి తేవడం దాని పని. అదే ఏడాది సొసైటీ ఆయనతో పాటు అలీగఢ్‌కు మారింది. ఇందులో ఆయనకు కుడిభుజం రాజా జైకిషన్ దాస్. చిన్నప్పుడు తాను చదివిన ఖగోళం తప్పని ఒప్పుకోవడానికి సర్ సయ్యద్‌కు సిగ్గు అనిపించలేదు. భూమి తిరుగుతుందని ఆయనే రాశారు.

కానీ అసలు చిక్కు అక్కడే ఉంది. సైన్స్ ఒకటి చెబుతుంది, దివ్య ఖుర్ఆన్ మరొకటి చెబుతున్నట్టు అనిపిస్తుంది. కాలేజీకి వెళ్ళే పిల్లాడు దేన్ని నమ్మాలి? మన ఇళ్ళల్లో ఇప్పటికీ వచ్చే ప్రశ్నే ఇది. ప్రకృతి అల్లాహ్ చేసిన పని, ఖుర్ఆన్ అల్లాహ్ చెప్పిన మాట, ఈ రెండింటికీ గొడవ ఉండదు, ఉన్నట్టు కనబడితే మన అర్థం చేసుకోవడంలోనే లోపం ఉందన్నది ఆయన జవాబు. ఇంతవరకు చాలామంది ఒప్పుకున్నారు. ఆయన ఇంకా ముందుకు వెళ్ళి, తన తఫ్సీర్‌లో జిన్నులకు, మలాయికలకు, ముఅజిజాలకు కొత్త అర్థాలు చెప్పారు. అక్కడ సొంత మిత్రులే ఆగిపోయారు. మొహ్సినుల్ ముల్క్ ఉత్తరాల్లో వాదనకు దిగారు. విరోధులైతే ‘నేచరీ’ అని పేరు పెట్టారు. మక్కా నుంచి కూడా ఆయన మీద ఫత్వా తెచ్చారు.

ఇలాంటి మనిషి దీన్ వదిలేశాడనుకుంటే పొరపాటు. 1869లో కొడుకులతో లండన్ వెళ్ళినప్పుడు, ప్రవక్త (స) జీవితంపై విలియం మ్యూర్ రాసిన పుస్తకం ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు. అక్కడి లైబ్రరీల్లో కూర్చుని, అప్పులు చేసి, సమాధానం రాసి అచ్చు వేయించారు.

1875 మేలో అలీగఢ్‌లో మదరసతుల్ ఉలూమ్ తెరిచారు. రెండేళ్ళకు కాలేజీకి పునాది పడింది. పిల్లల్ని పంపడానికి తల్లిదండ్రులు భయపడుతున్నారు, అక్కడికెళితే నేచరీలైపోతారని. అప్పుడాయన చేసింది మామూలు విషయం కాదు. తన మత భావాలను కాలేజీ గుమ్మం బయటే ఉంచారు. దీనియాత్ చదువును ఉలమాలకు అప్పగించారు, సున్నీలకు వేరుగా, షియాలకు వేరుగా. ఆయన తఫ్సీర్ ఆయన కాలేజీలోనే పాఠం కాలేదు.

హిందూ విద్యార్థులూ అక్కడ చదివారు. ఆ కాలేజీ నుంచి పట్టా పొందిన మొదటి విద్యార్థి ఈశ్వరీ ప్రసాద్. ఒక బక్రీద్‌కు కుర్రాళ్ళు ఖుర్బానీ కోసం ఆవును కొనితెస్తే, సర్ సయ్యద్ స్వయంగా వచ్చి ఆపి, దాన్ని వెనక్కి పంపించేశారు. అయితే ఈయనే 1887లో లక్నోలో కాంగ్రెస్‌కు దూరంగా ఉండమని ముస్లింలకు గట్టిగా చెప్పారు. బెనారస్‌లో ఉర్దూ హిందీ తగాదా చూసి రెండు వర్గాలూ కలిసి నడుస్తాయన్న నమ్మకం చాలావరకు పోగొట్టుకున్న మనిషే, ఆ తర్వాత కూడా హిందూ ముస్లింలను కొత్త పెళ్ళికూతురి రెండు కళ్ళతో పోల్చారు. రెండూ నిజమే, దేన్నీ దాచనక్కర్లేదు.

మన హైదరాబాద్ కథ ఇంకా విచిత్రం. 1880 ప్రాంతంలో జమాలుద్దీన్ అఫ్ఘానీ ఇక్కడే ఉండి, నేచరీలను ఖండిస్తూ పారసీలో పుస్తకం రాశారు. అది ఇక్కడే అచ్చయింది. అదే హైదరాబాద్ దర్బారు అలీగఢ్‌కు డబ్బు పంపుతోంది! సర్ సయ్యద్ మిత్రులు మొహ్సినుల్ ముల్క్, చిరాగ్ అలీ ఇక్కడే పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. 1891లో సర్ సయ్యద్ స్వయంగా వచ్చి నిజాంను కలిశారు, కాలేజీ గ్రాంటు పెరిగింది.

చివరి రోజులు బాగా గడవలేదు. కాలేజీ గుమస్తా ఒకడు లక్ష రూపాయలకు పైగా కాజేశాడు. 1898 మార్చి 27న సర్ సయ్యద్ ఒక మిత్రుడి ఇంట్లో కన్నుమూశారు. అంత్యక్రియల ఖర్చుకు మొహ్సినుల్ ముల్క్ డబ్బులిచ్చారు. కాలేజీ మసీదు పక్కనే ఖననం చేశారు.

ఇంకొక్క సంగతి. ఆడపిల్లల స్కూళ్ళకు ఇంకా టైం రాలేదని, ముందు మగపిల్లలు చదవాలని ఆయన చివరిదాకా అంటూనే ఉన్నారు. మౌల్వీ ముంతాజ్ అలీ స్త్రీల హక్కుల మీద ఖుర్ఆన్ ఆధారంగా రాసిన పుస్తకం ప్రతిని ఆయనకు చూపించారు. కొన్ని పేజీలు తిప్పేసరికి సర్ సయ్యద్ ముఖం ఎర్రబడింది. కాగితాలు చింపి చెత్తబుట్టలో పడేశారు. ఇంతలో భోజనానికి పిలుపు వచ్చి ఆయన లేచి వెళ్ళగానే, ముంతాజ్ అలీ ఆ ముక్కలు ఏరుకున్నారు. సర్ సయ్యద్ పోయాక, ఆ 1898లోనే హుఖూఖె నిస్వాన్ పేరుతో లాహోర్‌లో అచ్చు వేశారు. అదే ఏడాది ఆయన భార్య ముహమ్మదీ బేగం సంపాదకత్వంలో స్త్రీల వారపత్రిక మొదలైంది. 1906లో షేక్ అబ్దుల్లా, ఆయన భార్య వహీద్ జహాన్ బేగం అలీగఢ్‌లోనే ఆడపిల్లల స్కూలు తెరిచారు.