లేఖలలో రూపొందిన గేయ సంపుటి: బిషప్ థామస్ పెర్సీ

పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో పల్లెలలోని చర్చి గురువులు పలువురు గొప్ప విద్వాంసులు. వారికి విశ్వవిద్యాలయ విద్య, తీరిక, గ్రంథాభిరుచి ఉండేవి. పెద్ద గ్రంథాలయాలు, సాహిత్య గోష్ఠులు మాత్రం దూరం. ఆ లోటును లేఖలు తీర్చాయి. వెలువడిన గ్రంథాలు, దొరికిన వ్రాతప్రతులు, చెలరేగిన వివాదాలు, అన్నీ టపాలో ప్రయాణించేవి. అట్టి లేఖల నుండి ఒక మహాగ్రంథాన్ని రూపొందించినవాడు థామస్ పెర్సీ.

పెర్సీ 1729లో బ్రిడ్జ్‌నార్త్ పట్టణంలో ఒక కిరాణా వర్తకుని ఇంట జన్మించాడు. ఆక్స్‌ఫర్డులో విద్య ముగించి, 1753లో ఈస్టన్ మాడిట్ అనే చిన్న గ్రామపు చర్చికి గురువుగా నియమితుడయ్యాడు. యౌవనంలోనే ఆయనకు అపూర్వమైన నిధి దొరికింది. షిఫ్నల్‌లో హంఫ్రీ పిట్ అనే మిత్రుని ఇంట, బీరువా క్రింద, దుమ్ములో ఒక పాత వ్రాతప్రతి పడి ఉన్నది. పనికత్తెలు దాని పుటలను చింపి చలిమంట రాజేస్తున్నారు. పెర్సీ దానిని అడిగి తెచ్చుకున్నాడు. పదిహేడవ శతాబ్దంలో వ్రాయబడిన ఆ ప్రతిలో ప్రాచీన గేయగాథలు అనేకం ఉన్నాయి.

నాటి పండితులకు అట్టి పాటలు పామరుల వినోదాలు. పెర్సీ మాత్రం లేఖల ద్వారా సహాయకులను కూడగట్టాడు. కేంబ్రిడ్జిలోని రిచర్డ్ ఫార్మర్, ఆక్స్‌ఫర్డులోని థామస్ వార్టన్ గ్రంథాలయాలను గాలించి పెట్టారు, వారిరువురూ మతాచార్యులే. స్కాట్లండు నుండి న్యాయమూర్తి లార్డ్ హెయిల్స్ అక్కడి గేయాలను పంపాడు. వేల్సులోని పేద గురువు ఇవాన్ ఇవాన్స్‌తో 1761 నుండి ప్రాచీన వెల్షు కవులను గూర్చి ఉత్తరాలు నడిచాయి. ఓసియన్ పేరిట మాక్‌ఫర్సన్ ప్రకటించిన కావ్యాలు నిజంగా ప్రాచీనమైనవా అన్న సందేహాన్ని కూడా వారు చర్చించుకున్నారు.

అయితే అట్టి సందేహమే పెర్సీని వెంటాడవలసి వచ్చింది. మొరటు పాటలను మెరుగు పెట్టక తప్పదని కవి షెన్‌స్టన్ తన లేఖలలో సలహా ఇచ్చాడు. పెర్సీ దానిని పాటించి, అవసరానికి మించి దిద్దాడు. 'చైల్డ్ ఆఫ్ ఎల్' అనే గేయశకలం వ్రాతప్రతిలో 39 పంక్తులు. ఆయన చేతిలో అది సుమారు 200 పంక్తులైంది. మంట నుండి కాపాడిన ప్రతిలోని పుటలనే కొన్నింటిని, నకలు వ్రాసే శ్రమకు వెనుదీసి, చింపి ముద్రణకు పంపాడు.

1765లో 'రెలిక్స్ ఆఫ్ ఏన్షెంట్ ఇంగ్లిష్ పోయెట్రీ' మూడు సంపుటాలుగా వెలువడింది. ఆదరణ అపారం. జర్మనీలో హెర్డర్‌కు, ఇంగ్లండులో వర్డ్స్‌వర్త్‌కు, బాల్యంలోనే దానిని చదివి మురిసిన వాల్టర్ స్కాట్‌కు ఆ గ్రంథం స్ఫూర్తినిచ్చింది. పెర్సీ 1778లో కార్లైల్‌కు డీన్, 1782లో ఐర్లండులోని డ్రోమోర్‌కు బిషప్పు అయ్యాడు.

కాని జోసెఫ్ రిట్సన్ అనే కఠిన విమర్శకుడు పెర్సీ దిద్దుబాట్లను ఎండగట్టి, అసలు అట్టి వ్రాతప్రతి ఉన్నదా అని ప్రశ్నించాడు. పండితులందరికీ ప్రతిని చూపితే ఒక నింద తొలగిపోయేది. అయితే తాను ఎంత మార్చాడో కూడా బయటపడేది. పెర్సీ ఆ మార్గం త్రొక్కలేదు. చివరి దశలో చూపు కోల్పోయి, 1811లో డ్రోమోర్‌లో మరణించాడు. వ్రాతప్రతి 1867-68లో యథాతథంగా అచ్చయిన పిమ్మటనే లోకానికి రెండు సత్యాలు తెలిశాయి: పెర్సీ దానిని కల్పించలేదు; ఉన్నది ఉన్నట్లు అందించనూ లేదు.

ఆయన లేఖలు కూడా 1944 నుండి సంపుటాలుగా వెలువడ్డాయి. ఏ గేయం ఎవరు పంపారో, దిద్దుబాటును ఎవరు ప్రోత్సహించారో వాటిలో కనబడుతుంది. గ్రంథంలో మరుగుపరచిన దానిని లేఖలు దాచలేదు. ప్రాచీన సాహిత్యాన్ని సేకరించబూనిన విద్యార్థులు పెర్సీ నుండి ఉత్సాహాన్ని గ్రహించాలి. దొరికిన దానిని దొరికినట్లు భద్రపరచి, తమ దిద్దుబాటును విడిగా చూపవలసిన బాధ్యతను కూడా ఆయన జీవితం నుండే నేర్చుకోవాలి.