బొమ్మ రైళ్ళ నిర్మాత ఫ్రాంక్ హార్న్‌బీ

ఇంగ్లండు దేశపు పడమటి తీరమున లివర్‌పూల్ అను రేవు పట్టణము కలదు. ఆ పట్టణమున 1863వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఫ్రాంక్ హార్న్‌బీ జన్మించెను. తండ్రి జాన్ హార్న్‌బీ ఆహార పదార్థముల వర్తకుడు. ఫ్రాంక్ పదునారవ యేట బడి మాని, తండ్రి వ్యాపారమున డబ్బు లెక్కలు చూచు పనిలో చేరెను. యంత్రవిద్యను ఆయన ఏ కళాశాలలోను నేర్చినవాడు కాడు. బాల్యమున శామ్యూల్ స్మైల్స్ రచించిన ‘సెల్ఫ్ హెల్ప్’ అను గ్రంథమును చదివి, అందలి యంత్ర నిర్మాతల కథలకు ముగ్ధుడయ్యెను. దానంతట అదే ఎల్లకాలము తిరుగు యంత్రమొకటి చేయవలెనని కొంతకాలము శ్రమపడెను. అట్టి యంత్రము ప్రకృతి నియమములకే విరుద్ధము గనుక ఆ శ్రమ ఫలింపలేదు. అయినను చేతికి పనిముట్లు అలవాటైనవి.

1887లో ఆయన క్లారా గాడ్‌ఫ్రాయ్ అను ఉపాధ్యాయినిని వివాహమాడెను. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె కలిగిరి. 1899లో తండ్రి మరణించుటతో ఇంటి వ్యాపారము మూతపడినది. ముప్పదియారేండ్ల వయసున ఫ్రాంక్ మాంసము దిగుమతి చేయు ఎలియట్ అను వర్తకుని వద్ద గుమాస్తాగా చేరి మరల లెక్కల పుస్తకములే పట్టెను.

పగలంతయు అంకెలతో గడపి, సాయంకాలమున ఇల్లు చేరి, కుమారులు రోలండ్, డగ్లస్‌ల కొరకు రేకు ముక్కలతో వంతెనలు, బండ్లు, బరువులెత్తు క్రేనులు చేయుచుండెను. ఒక చిక్కు మాత్రము ఆయనను విడువలేదు. ఒక బొమ్మకని కత్తిరించిన ముక్క మరియొక బొమ్మకు పనికిరాదు. క్రేను చేసి ముగించిన పిమ్మట వంతెన చేయవలెనన్న మరల మొదటినుండి కత్తిరింపవలసినదే. ఒకనాడు రైలు ప్రయాణము చేయుచుండగా ఈ చిక్కునకు ఉపాయము తోచెనని ఆయనయే పిదప చెప్పుకొనెను. ముక్కలన్నియు ఒకే వెడల్పున ఉండవలెను, రంధ్రములన్నియు సమాన దూరమున ఉండవలెను, నట్టు బోల్టులతో బిగించి మరల విప్పదగినట్లుండవలెను. ఇల్లు చేరి రాగి రేకును అర అంగుళము వెడల్పు గల పట్టీలుగా కత్తిరించి, అర అంగుళమునకొకటి చొప్పున రంధ్రములు చేసెను. నాడు క్రేనుగా నిలిచిన పట్టీలే మరునాడు వంతెన కాగలవు.

మన షోలాపురమున మగ్గములు తెలిసిన ఇండ్ల పిల్లలకు ఈ సంగతి విశేషముగా వివరింప నక్కరలేదు. కొలత కలిసినప్పుడే ఒక మగ్గపు నాడె మరియొక మగ్గమున ఆడును. హార్న్‌బీ కనిపెట్టినది బొమ్మ కాదు, బొమ్మలకు ఒక కొలత అని మా అభిప్రాయము.

పేటెంటు పొందుటకు చేత డబ్బు లేదు. యజమాని ఎలియట్ 5 పౌనులు అప్పిచ్చెను. 1901లో పేటెంటు లభించినది. ఎలియట్ భాగస్వామిగా కూడ చేరెను. 1902లో ‘మెకానిక్స్ మేడ్ ఈజీ’ అను పేర ఈ పెట్టెలు ఏడున్నర షిల్లింగుల ధరకు అంగడికి వచ్చినవి. సామాన్య కుటుంబములకు అది అల్పమైన ధర కాదు. తొలి సంవత్సరములలో లాభము కానరాలేదు. ముగ్గురు పిల్లల తండ్రి, జీతముపై బ్రతుకువాడు, ఆటవస్తువును నమ్ముకొని నిలుచుట ఆనాడు పలువురకు అవివేకముగా తోచియుండవచ్చును. లివర్‌పూల్‌లో ఇంజనీరింగు ఆచార్యుడైన హేలీ షా ఈ ఆట యంత్రవిద్యకు మంచి సోపానమని మెచ్చి వ్రాసి ఇచ్చుట ఆయనకు గొప్ప అండయైనది. 1907లో ‘మెకానో’ అను పేరు నమోదైనది. 1908లో అదే పేర కంపెనీ ఏర్పడినది. 1914లో బిన్స్ రోడ్డున పెద్ద కర్మాగారము వెలసినది.

ఇక రైళ్ళ సంగతి. మొదటి ప్రపంచ యుద్ధమునకు పూర్వము ఐరోపాలో బొమ్మ రైళ్ళనగా జర్మనీవే. మెర్క్‌లిన్, బింగ్ కంపెనీల బండ్లు ఇంగ్లండు అంగళ్ళను నింపుచుండెను. యుద్ధముతో ఆ దిగుమతి నిలిచిపోయినది. ఆ చోటును నింపుటకు హార్న్‌బీ 1920లో కీ ఇచ్చి నడుపు రైలును విడుదల చేసెను. తొలి బండ్లను కూడ మెకానో వలె నట్టు బోల్టులతో విప్పి మరల కూర్పవచ్చును. చక్రము విరిగినచో చక్రము మాత్రమే మార్చుకొనిన చాలును. పట్టాల నడుమ వెడల్పు 32 మిల్లీమీటర్లు. దీనికి ‘ఓ గేజి’ అని పేరు. ఇంగ్లండులోని నిజమైన పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు. 1435ను 32తో భాగించి చూడుడు, దాదాపు 45 వచ్చును. మన ఊరి మీదుగా పోవు బండ్ల పట్టాల వెడల్పు 1676 మిల్లీమీటర్లు. ఆ 32 మిల్లీమీటర్ల పట్టాలకే మన బండి నమూనా చేయవలెనన్న ఎన్నవ వంతున చేయవలెనో విద్యార్థులు తామే లెక్క కట్టవచ్చును.

1925లో హార్న్‌బీ కంపెనీ విద్యుత్తుతో నడచు రైలును తెచ్చినది. ఇంటి తీగలలోని అధిక వోల్టేజి విద్యుత్తునే దానికి వాడుట బాలురకు క్షేమము కాదు. తరువాతి బండ్లకు తక్కువ వోల్టేజి పద్ధతిని అవలంబించిరి.

హార్న్‌బీ ఇంతటితో ఆగక, బాలురను ఒకచోట చేర్చుటకు పూనుకొనెను. 1916లో మెకానో పత్రిక వెలువడెను. 1919లో మెకానో గిల్డు అను పేర బాలుర సంఘములు ఆరంభమైనవి. 1928లో రైళ్ళు గల బాలుర కొరకు హార్న్‌బీ రైల్వే కంపెనీ అను మరియొక సంఘము వెలసినది. పేరు కంపెనీయే గాని ఇది ఆటగాండ్ర కూటమి. ఒక ఇంట రెండు మూరల పట్టాలు, ఒక ఇంజను మాత్రమే ఉండవచ్చును. మరియొక ఇంట గూడ్సు పెట్టెలు, సిగ్నలు ఉండవచ్చును. ఎవరి ఇంట వారు ఆడినచో బండి గుండ్రముగా తిరిగి బయలుదేరిన చోటికే వచ్చును. కొలత ఒకటే గనుక అందరి పట్టాలను కలిపి పరచి, ఒకరు స్టేషను మాస్టరుగా, ఒకరు సిగ్నలు చూచువారుగా ఉండి, కాలపట్టిక ప్రకారము బండ్లు నడపుచుండిరి. ఊరూరి శాఖల విశేషములు పత్రికలో అచ్చగుచుండెను. ఒక లోపమును చెప్పక తప్పదు. ఆ పత్రికయు, ఆ సంఘములును ప్రధానముగా బాలురనే సంబోధించినవి. అన్నదమ్ముల ప్రక్కన కూర్చుండి నట్లు బిగించిన బాలికలు ఆనాడును ఉండియుందురు. మా తరగతులలో విరిగిన వస్తువును విప్పి చూడవలెనను కుతూహలము బాలికలలో ఏమాత్రము తక్కువగా కనబడదు.

మెకానో ముక్కలు పండితుల చేతికి కూడ చేరినవి. 1934లో మాంచెస్టరులో ఆచార్యుడు డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ అను విద్యార్థితో కలిసి, కఠినమైన గణిత సమీకరణములను సాధించు యంత్రము నమూనాను మెకానో ముక్కలతోనే నిర్మించెను.

హార్న్‌బీ 1931లో ఎవర్టన్ నియోజకవర్గము నుండి పార్లమెంటు సభ్యుడయ్యెను. 1935లో ఆ పదవిని విడిచెను. ఈ రాజకీయ జీవితమున విశేషించి చెప్పదగినది లేదు. 1936 సెప్టెంబరు 21వ తేదీన ఆయన లివర్‌పూల్‌లో మరణించెను.

ఆయన పోయిన రెండేండ్లకు, 1938లో, ‘డబ్లో’ అను చిన్న రైలు వెలువడినది. పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఇంజను మాత్రము నిజమైన దానిలో 76వ వంతు. పట్టాలను బట్టి చూచిన 87వ వంతు కావలెను. ఇంగ్లండు ఇంజనులు సన్ననివగుటచే, అంతకన్న చిన్నవి చేసినచో లోపల మోటారు పట్టదని ఈ సర్దుబాటు చేసిరి. కొలత విషయమున పట్టుదల గల అభిరుచిపరులకు ఇది ఎన్నడును రుచింపలేదు. 1964లో కంపెనీ ఇతరుల వశమైనది. 1979లో బిన్స్ రోడ్డు కర్మాగారము మూతపడినది. ఇంతలో 1969లోనే పాత హార్న్‌బీ రైళ్ళను సేకరించువారు ఇంగ్లండున ఒక సంఘముగా ఏర్పడిరి. తాతల నాటి రేకు బండ్లను దుమ్ము దులిపి, నూనె వేసి, కీ ఇచ్చి నడుపుట వారికి వేడుక.

ఇట్టి వేడుకను కన్నులార చూచుటకు ఇంగ్లండు పోనక్కరలేదు. షోలాపురము నుండి రైలెక్కినచో చేరదగిన పుణె నగరమున, కొత్రూడ్‌లో, బి. ఎస్. జోషి గారి సూక్ష్మ రైల్వే ప్రదర్శనశాల 1998లో ఆరంభమైనది. జోషి గారు తమ అభిరుచి కొలది కూర్చిన రైళ్ళు, స్టేషన్లు, సిగ్నళ్ళు, రోడ్లు, ఇండ్లు అక్కడ నిజమైన వానిలో 87వ వంతున అమర్చబడి, పదిమంది ఎదుట నడచుచుండును. అక్కడి పట్టాల వెడల్పును కూడ స్కేలుతో కొలిచి చూచినచో 16.5 మిల్లీమీటర్లే.