పడినచోటనే మళ్లీ లేచిన రబ్బీ నహ్మాన్

యూదుల హసీదీ భక్తిమార్గానికి ఆద్యుడైన బాల్ షెమ్ తోవ్‌కు మునిమనుమడు రబ్బీ నహ్మాన్. 1772లో నేటి ఉక్రెయిన్‌లోని మెజిబిజ్ పట్టణంలో జన్మించారు. అటువంటి వంశంలో పుట్టినవారికి నిగ్రహం పుట్టుకతోనే అబ్బుతుందని మనం అనుకుంటాము. శిష్యులు వ్రాసిపెట్టిన చరిత్ర వేరుగా ఉన్నది. బాల్యంలో జిహ్వచాపల్యము, యౌవనంలో కామము ఆయనను వేధించాయి. నియమం పూనడం, అది చెడడం ఒక్కొక్క దినమే పలుమార్లు జరిగేది. చెడిన ప్రతిసారీ వెనుకటి లెక్క విడిచి, అప్పుడే ఆరంభించినవానివలె మొదలుపెట్టేవారు. ఒంటరిగా పొలాలకు, అడవులకు పోయి, ఇంటిభాష యిద్దిష్‌లోనే దేవునికి మొరపెట్టుకునేవారు.

1802లో బ్రాట్స్‌లావ్ చేరి గురువైనాక బోధించినదీ ఆ అనుభవమే. నిరాశకు తావివ్వవద్దనీ, తనలోని ఒక్క మంచి అంశమైనా వెదకి పట్టుకొమ్మనీ, సంతోషం రాకుంటే వెర్రిచేష్టలతోనైనా తెచ్చుకొమ్మనీ చెప్పేవారు. చెప్పినవారు సుఖజీవి కారు. 1806లో పసికొడుకు, 1807లో భార్య మరణించారు. తమకూ క్షయ సోకింది. దగ్గుతూ ఆనందాన్ని బోధించడం సామాన్యమా?

1810లో, 38వ ఏట, ఉమాన్‌లో కన్నుమూశారు. ఆ పీఠానికి వారసులెవరూ రాలేదు. ఏటా యూదుల సంవత్సరాదికి వేలాదిమంది ఆయన సమాధి చెంతకు చేరి ఆడిపాడుతున్నారు.